ఫోటోకి 5 సెకండ్లా 6 సెకండ్లా: హైస్కూల్ స్వర్ణోత్సవం వీడియో కేస్ స్టడీ

మా గుంటూరు వైపు ఒక ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూల్‌కి 50 ఏళ్లు నిండాయని పూర్వ విద్యార్థులంతా కలిసి సంక్రాంతికి రెండు రోజుల ముందు పెద్ద ఫంక్షన్ పెట్టుకున్నారు, స్టేజి వెనక ఎల్ఈడీ వాల్ మీద వేయడానికి ఫోటోల వీడియో చేసే పని నాకొచ్చింది. 186 ఫోటోలు, ప్రతి ఫోటో కింద తెలుగులో పేరు, బ్యాచ్ ఏడాది, టీచర్లదైతే సబ్జెక్టు, పనిచేసిన ఏళ్లు. ఆడియో ముందే రెడీ చేసి ఇచ్చారు, సన్నాయి మధ్య మధ్యలో పాత హెడ్మాస్టారి మాటల రికార్డింగ్, మొత్తం 15 నిమిషాల 30 సెకండ్లు. ఫోటోలే కదా వారంలో అయిపోతుంది అని ఒప్పుకున్నా, పదహారు రోజులు పట్టింది. అందులో సగం రోజులు తినేసింది ఒకటే విషయం, ఫోటో, పేరు లాంటి ఒక్కో ఆబ్జెక్ట్ టైమ్‌లైన్‌లోకి వచ్చేటప్పుడు ఎంత పొడవుతో వస్తుంది అనేది. దాన్ని మొదట్లోనే ఆలోచించి పెట్టుకుని ఉంటే ఏం మిగిలేదో ఇప్పుడు లెక్కేసుకుంటే బాధగా ఉంది, అందుకే మొత్తం రాస్తున్నా, ఇలాంటి పనులు చేసే వాళ్ళకి పనికొస్తుంది.

ముందు ఈ డిఫాల్ట్ సంగతి, అంటే మనం ఏం మార్చకపోతే దానంతటదే వచ్చే పొడవు సంగతి కొంచెం చెప్పాలి. నేను చేసింది ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో, అంటే కదిలే గ్రాఫిక్స్ చేసే అడోబ్ సాఫ్ట్‌వేర్‌లో. అందులో ఫోటోని కంపోజిషన్‌లోకి (కంప్ అంటాం, లేయర్లు అనే పొరలు పేర్చి వీడియో కట్టే చోటు) లాగితే మామూలుగా ఆ కంప్ ఎంత పొడవుంటే లేయర్ కూడా అంత పొడవు వచ్చేస్తుంది. ప్రిఫరెన్సెస్‌లో ఇంపోర్ట్ దగ్గర స్టిల్ ఫుటేజ్ అని ఉంటుంది, అక్కడ లెంగ్త్ ఆఫ్ కంపోజిషన్ తీసేసి మనకి కావాల్సిన టైమ్ కొట్టుకోవచ్చు. కానీ అది ఫోటోలకి మాత్రమే. టెక్స్ట్, సాలిడ్ (ఒకే రంగు పొర), షేప్ లేయర్, అడ్జస్ట్‌మెంట్ లేయర్ (కింద ఉన్న వాటన్నిటి మీదా పనిచేసే పొర), వీటికి అలాంటి సెట్టింగే లేదు, కంప్ పొడవే వాటి పొడవు. ఈ తేడా నాకు తెలుసు, ఎన్నో ఏళ్లుగా వాడుతున్నా, కానీ దాని వల్ల పని ఎలా మారుతుందో ఎప్పుడూ కూర్చుని ఆలోచించలేదు, చిన్న చిన్న యాడ్లు, 30 సెకండ్ల రీల్సూ చేసేటప్పుడు దాని అవసరం రాదు, ఏదన్నా తేడా వస్తే మౌస్‌తో లాగేస్తాం అంతే.

మొదటి రోజే ఒకటి జరిగింది. ఫోటోలన్నీ వాట్సాప్‌లో వచ్చాయి, పేర్లు చూస్తే ఐఎంజి, తర్వాత వచ్చిన తేదీ, తర్వాత డబ్ల్యూఏ అని ఒక నంబర్, అంటే బ్యాచ్ వరసకీ దానికీ సంబంధం లేదు. అందుకని కూర్చుని 001 నుంచి 186 దాకా పేర్లు మార్చి ఒక ఫోల్డర్లో పెట్టి, ఆ ఫోల్డర్నే ప్రాజెక్ట్ ప్యానెల్లోకి లాగా. అంతే, 186 ఫోటోలూ కలిసి ఒకే ఒక్క ఫుటేజ్ అయిపోయి 6 సెకండ్ల చిల్లర వీడియోలాగా వచ్చింది. ఫోల్డర్ని అలా లాగితే ఇమేజ్ సీక్వెన్స్ అనుకుంటుంది, సీక్వెన్స్ డిఫాల్ట్ సెకండ్‌కి 30 ఫ్రేములు, 186ని 30తో భాగిస్తే 6.2. ఆల్ట్ పట్టుకుని లాగితే విడివిడిగా వస్తాయి. అది పెద్ద నష్టం కాదు, రెండు నిమిషాల్లో సరిచేసా, కానీ ఇంకోటి గుర్తొచ్చింది, నా కంప్ 25 ఫ్రేములు, ఎవరన్నా నిజంగానే యానిమేషన్ సీక్వెన్స్ 25లో రెండర్ చేసి (ఫైల్‌గా తయారుచేసి) ఇస్తే, ఈ 30 అనే డిఫాల్ట్ మార్చకపోతే 250 ఫ్రేముల 10 సెకండ్ల షాట్ 8 సెకండ్ల చిల్లరకి కుదించుకుపోతుంది, చూసేవాళ్ళకి కొంచెం స్పీడ్‌గా ఉందేంటి అనిపిస్తుంది తప్ప తప్పెక్కడో దొరకదు. ఆ రోజే దాన్ని 25కి మార్చి పెట్టేసా.

ఇప్పుడు అసలు లెక్క. 15 నిమిషాల 30 సెకండ్లంటే 930 సెకండ్లు, 186 ఫోటోలు, ఫోటోకి సరిగ్గా 5 సెకండ్లు. ఇంత చక్కగా సరిపోయింది అని సంతోషపడి స్టిల్ ఫుటేజ్ దగ్గర 5 సెకండ్లు పెట్టా (ఇక్కడ ఒక మాట, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో టైమ్ బాక్సుల్లో 5 అని కొట్టి ఎంటర్ కొడితే 5 ఫ్రేములు అవుతుంది, 5 సెకండ్లు కావాలంటే 500 అని కొట్టాలి, కొత్తవాళ్ళు ఇక్కడ చాలా మంది తికమక పడతారు). ఫోటోలన్నీ వరసలో సెలెక్ట్ చేసి కంప్‌లోకి లాగి, కీఫ్రేమ్ అసిస్టెంట్‌లో సీక్వెన్స్ లేయర్స్ (లేయర్లని ఒకదాని తర్వాత ఒకటి వరసగా పేర్చేది) కొట్టి, ఓవర్‌ల్యాప్ 1 సెకండ్, క్రాస్ డిజాల్వ్ పెట్టా, అంటే ఒక ఫోటో కరిగిపోతూ ఉండగానే ఇంకోటి తేలుతుంది. వరస మనం సెలెక్ట్ చేసిన క్రమంలోనే వస్తుంది కాబట్టి మొదటి ఫోటో ముందు క్లిక్ చేసి చివరిదాన్ని షిఫ్ట్ పట్టుకుని క్లిక్ చేయాలి. డిజాల్వ్‌లో ఫ్రంట్ లేయర్ ఒక్కటే అని ఒక ఆప్షన్ ఉంటుంది, అది మాత్రం ఇలాంటి వాటికి వద్దు, ఒక ఫోటో ఫోన్లో నిలువుగా తీసింది, పక్కది అడ్డంగా ఉన్నది అయితే వెనక ఫోటో అంచులు టక్కున వచ్చి పడతాయి.

అంతా చేసి చూస్తే చివరి ఫోటో 12 నిమిషాల 25 సెకండ్ల దగ్గర అయిపోయింది. ఇంకా 3 నిమిషాల 5 సెకండ్ల సన్నాయి ఖాళీగా మోగుతోంది. కారణం చిన్నదే, ఓవర్‌ల్యాప్ లెక్కలో వేయలేదు. 186 ఫోటోల మధ్య 185 అతుకులు, అతుక్కి 1 సెకండ్ పోతే 185 సెకండ్లు, అదే ఆ 3 నిమిషాల 5 సెకండ్లు. స్లైడ్‌షో చేసే ప్రతి ఒక్కరూ ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద వేసుకోవాలి, ఫోటో పొడవు అని మనం సెట్టింగ్‌లో కొట్టేది వేరు, ఆ ఫోటో వల్ల టైమ్‌లైన్ నిజంగా ముందుకి జరిగేది వేరు. అలాగే జనం కంటికి పూర్తిగా కనపడేది ఇంకా వేరు, ఎందుకంటే ముందు 1 సెకండ్ అది వస్తూ ఉంటుంది, చివర 1 సెకండ్ పోతూ ఉంటుంది. అంటే నేను 5 అని పెట్టిన ఫోటో టైమ్‌లైన్‌ని 4 సెకండ్లు జరిపింది, తేటగా కనపడింది మాత్రం 3 సెకండ్లే.

ఆ 3 సెకండ్లు సరిపోతాయా అనేది రెండో ప్రశ్న. నేను పేర్లు నేనే టైప్ చేసా కాబట్టి నాకు అర సెకండ్లో చదివేసినట్టు అనిపిస్తుంది, నా కన్ను దీనికి పనికిరాదు. మా పక్కింట్లో రిటైరైన లెక్కల మాస్టారు ఉంటారు, ఆయన్ని పిలిచి టీవీకి ల్యాప్‌టాప్ కనెక్ట్ చేసి పది అడుగుల దూరంలో కూర్చోబెట్టి, మాస్టారూ పైకి చదవండి అన్నా. మూడు లైన్లు, పేరు, కింద సబ్జెక్టు, కింద ఏళ్లు. ఆయన "బయలాజికల్ సైన్స్ అసిస్టెంట్" దాకా వచ్చేసరికి ఫోటో మారిపోయింది. "ఏమయ్యా, మొహం చూడమంటావా పేరు చదవమంటావా" అన్నారు. ఆయన అన్నదాంట్లో ఎంతో ఉంది. పాత ఫోటో వస్తే జనం ముందు మొహం చూస్తారు, ఎవరో గుర్తు పట్టడానికి చూస్తారు, గుర్తు రాకపోతేనో, అవునో కాదో అనుకుంటేనో అప్పుడు పేరు మీదకి దిగుతారు. పైగా తెలుగులో ఒత్తులూ గుణింతాలూ కలిసి ఒక్కో అక్షరం నిలువుగా చాలా చోటు తీసుకుంటుంది, దూరం నుంచి చూస్తే ఒత్తులు కలిసిపోతాయి, అసిస్టెంట్ లాంటి మాటలైతే ఇంకా. ఫోన్లో వాచ్ పెట్టుకుని మళ్ళీ ఫోటో ఆపి చదివిస్తే మొహం చూసి, పేరు చదవడానికి ఆయనకి ఇంచుమించు 4 సెకండ్లు పట్టింది.

తేటగా 4 కావాలంటే మొత్తం 6. లెక్క వేసా, 186 ఆర్లు 1116, అందులోంచి 185 తీసేస్తే 931 సెకండ్లు, అంటే 15 నిమిషాల 31 సెకండ్లు. ఆడియో 15:30. మాస్టారి కళ్ళు చెప్పిన లెక్కా సన్నాయి పొడవూ ఒక్క సెకండ్ తేడాతో కలిశాయి, ఆ రోజు నిజంగా చాలా ఆనందం వేసింది.

కానీ 5ని 6 చేయడం అనేది ప్రిఫరెన్స్‌లో ఒక అంకె మార్చడం కాదు, అక్కడే నాకు రెండు రోజులు పోయాయి. డిఫాల్ట్ డ్యూరేషన్ అనేది లేయర్ పుట్టేటప్పుడు పడే ముద్ర, తర్వాత సెట్టింగ్ మార్చినా పుట్టిన లేయర్లు అలాగే ఉంటాయి. ఫోటోలైతే తీసేసి మళ్ళీ లాగితే అయిపోయింది. పేర్లో? 186 టెక్స్ట్ లేయర్లు, ఒక్కోటి పుట్టేటప్పుడు కంప్ అంత పొడవుతో పుట్టింది, ఒక్కోదాన్నీ దాని ఫోటో మీదకి తెచ్చి ఆల్ట్ లెఫ్ట్ బ్రాకెట్, ఆల్ట్ రైట్ బ్రాకెట్ కొట్టి ముందూ వెనకా కత్తిరించి 5 సెకండ్లకి తెచ్చా. ఇప్పుడు ఫోటోలన్నీ జరిగిపోయాయి, పేర్లు పాత చోట్లలోనే ఉన్నాయి. రెండో ఫోటోకి 1 సెకండ్ తేడా, మూడో దానికి 2, చివరికొచ్చేసరికి 185 సెకండ్ల తేడా. మళ్ళీ మొత్తం కూర్చుని జరిపా. ఆ రెండు రోజుల్లో ఇంకో పని చూసుకోవచ్చు, ఇంట్లో పిల్లలతో ఉండొచ్చు, ఏదీ లేదు.

ఫైల్ చూపించడానికి కమిటీ వాళ్ళని జూమ్‌లో కలిసా, ఇద్దరు డల్లాస్ నుంచి, మిగతా వాళ్ళు ఇక్కడి నుంచి. పేర్లు బాగున్నాయి, స్పీడ్ బాగుంది అన్నారు, కానీ టెన్త్ గ్రూప్ ఫోటోలు 22 ఉన్నాయి, ఒక్కోదాంట్లో నలభై మంది. అవి వచ్చినప్పుడల్లా "తమ్ముడూ ఒక్కసారి ఆపు ఆపు, మావాడు ఎక్కడున్నాడో చూడనీ" అంటున్నారు. మెట్ల మీద నాలుగు వరసల్లో నిలబడిన పిల్లల్లో తనని తాను వెతుక్కోవడానికి 4 సెకండ్లు ఏ మాత్రం చాలవు, అది నాకు ముందే తట్టాల్సింది. అవి 10 చేద్దాం అన్నా. అదే కాల్‌లో ఇంకో 24 ఫోటోలు దొరికాయి పంపుతున్నాం అన్నారు, చివరి వారంలో ఫోటోలు దొరకడం ఇలాంటి పనుల్లో ఎప్పుడూ ఉండేదే, అటకల మీద ట్రంకు పెట్టెలు అప్పుడే తెరుస్తారు.

గ్రూప్ ఫోటోలని 10 చేయడానికి నేను చేసిన మొదటి పని, లేయర్ చివర పట్టుకుని లాగేయడం. ప్లే చేస్తే 6వ సెకండ్‌కి ఫోటో మాయం, సాగదీసిన 4 సెకండ్లలో అది అసలు కనపడదు. సీక్వెన్స్ లేయర్స్ అనేది డిజాల్వ్ కోసం ఒపాసిటీకి (లేయర్ ఎంత తేటగా కనపడాలి అనేదానికి) కీఫ్రేములు, అంటే ఏ క్షణానికి ఎంత విలువో చెప్పే గుర్తులు వేస్తుంది, ఆ కీఫ్రేములు వేసిన చోటే ఉంటాయి, లేయర్ని ఎంత సాగదీసినా అవి దాని చివరికి జరగవు. కాబట్టి పొడవులు అన్నీ తేలిపోయాకే సీక్వెన్స్ లేయర్స్ కొట్టాలి, ముందు కొట్టేసి తర్వాత సర్దుకుందాం అంటే కుదరదు. ఇక లేయర్లన్నీ సెలెక్ట్ చేసి టి కొట్టి ఒపాసిటీ స్టాప్‌వాచ్ తీసేసా. ఇక్కడ కూడా జాగ్రత్త, స్టాప్‌వాచ్ తీసేస్తే టైమ్ ఇండికేటర్ ఉన్న చోట ఎంత విలువ ఉందో అదే ఉండిపోతుంది, చాలా లేయర్లకి అది 0, అందుకని అన్నిటికీ 100 అని మళ్ళీ కొట్టాలి, లేకపోతే ఫోటోలేమైపోయాయా అని కంగారు పడతారు.

రెండోసారి తెలివిగా చేసా. స్టిల్ ఫుటేజ్ 10 సెకండ్లు పెట్టి గ్రూప్ ఫోటోలు 22 లాగా, మళ్ళీ వెళ్లి 6 పెట్టి మిగతా 188 లాగా. అంటే డిఫాల్ట్ అనేది ప్రాజెక్ట్ మొత్తానికి ఒకటే ఉండాలని లేదు, లాగే ముందు మార్చుకుంటూ పోవచ్చు, ఏ గుంపు ఫోటోలు లాగుతున్నామో దానికి తగ్గట్టు. తర్వాత వరస సర్ది, సీక్వెన్స్ కొట్టా, పొడవులు వేరువేరుగా ఉన్నా అది దేని పొడవు దానికి ఉంచి అతుకుతుంది. ఈసారి లెక్క కూడా ముందే వేసా, 220 ప్లస్ 1128, అందులోంచి 209 అతుకులు పోతే 1139, 18 నిమిషాల 59 సెకండ్లు. సరిగ్గా అంతే వచ్చింది. కంపోజిషన్ సెట్టింగ్స్‌లో డ్యూరేషన్ 15:31 నుంచి 18:59కి పెంచి, సన్నాయి ముక్క చివర్లో ఇంకోసారి అతికించి, రాత్రంతా రెండర్ పెట్టి పొద్దున్నే ఫైల్ పట్టుకుని ఊరెళ్ళా. పూర్తిగా ఒకసారి కూర్చుని చూడలేదు, గ్రూప్ ఫోటోల దగ్గర, కొత్తగా వచ్చిన వాటి దగ్గర ఆపి ఆపి చూసా అంతే.

ఫంక్షన్ ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నరకి స్కూల్ గ్రౌండ్‌లో ట్రయల్ వేసాం. చలి, కుర్చీలు ఇంకా వేస్తున్నారు, కమిటీ వాళ్ళు పాతిక మంది దాకా నిలబడి చూస్తున్నారు. పదిహేను నిమిషాలు బ్రహ్మాండంగా నడిచింది. 15 నిమిషాల 31వ సెకండ్ దగ్గర వెనకున్న క్రీమ్ రంగు బ్యాక్‌గ్రౌండ్ పోయింది, మూలన ఉన్న స్కూల్ ఎంబ్లెమ్ పోయింది, ఫోటోలన్నిటికీ ఒకే పాత రంగు తెచ్చే అడ్జస్ట్‌మెంట్ లేయర్ పోయింది, పేర్ల కింద ఉండే లేత రంగు పట్టీ పోయింది. నల్లటి తెర మీద ఫోటోలు మాత్రం వస్తున్నాయి. పేర్లు ముదురు మెరూన్ రంగులో పెట్టా కదా, లేత పట్టీ మీద చక్కగా కనపడాలని, నలుపు మీద అవి అసలు కనపడటం లేదు. ఆ చివరి మూడున్నర నిమిషాల్లో ఉన్నది టీచర్ల ఫోటోలు, దాదాపు నలభై, అందులో చాలా మంది ఇప్పుడు లేరు. వాళ్ళ కోసమే ఆ భాగం చివర్న పెట్టాం, వెనక దీపం వెలుగు మెల్లగా కదులుతూ ఉండాలి. దీపం లేదు, పేరు లేదు. ఒక పెద్దాయన నెమ్మదిగా "బాబూ, మా నాన్నగారి పేరు రాలేదేంటి" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

కారణం తెలిసిపోయింది అప్పుడే. కంప్ డ్యూరేషన్ పెంచితే లోపల ఉన్న లేయర్లు పెరగవు. బ్యాక్‌గ్రౌండ్, పట్టీ, ఎంబ్లెమ్, అడ్జస్ట్‌మెంట్ లేయర్, ఇవన్నీ కంప్ 15:31 ఉన్నప్పుడు పుట్టినవి, వాటి ముద్ర 15:31. నేను మొత్తం దృష్టి వచ్చిపోయే వాటి మీదే పెట్టా, ఫోటో ఎంతసేపు, పేరు ఎంతసేపు అని, మొదటి నుంచి చివరి దాకా నిలబడి ఉండాల్సిన వాటి గురించి ఆలోచనే లేదు, అవి ఎలాగూ ఉంటాయి అనుకున్నా.

ల్యాప్‌టాప్ దగ్గరే ఉంది, స్టాఫ్ రూమ్‌లో ప్లగ్ ఇచ్చారు. ఎండ్ కీ కొట్టి చివరికెళ్లి, నాలుగు లేయర్లూ సెలెక్ట్ చేసి ఆల్ట్ రైట్ బ్రాకెట్, సాలిడ్‌లూ స్టిల్సూ షేప్‌లూ చివరి దాకా సాగాయి, ఒక్క నొక్కు. దీపం వెలుగు మాత్రం సాగలేదు, అది ప్రీకంప్, అంటే కంప్ లోపల పెట్టిన ఇంకో కంప్, లోపల ఎంత ఉంటే అంతే, దానికి మించి బయట లాగినా రాదు. దాన్ని తెరిచి, దాని డ్యూరేషన్ 19:30 చేసి, దాని లోపలి లేయర్లని మళ్ళీ ఆల్ట్ రైట్ బ్రాకెట్‌తో సాగదీసి, బయటికొచ్చి ఇక్కడ కూడా సాగదీసా. మొత్తం మళ్ళీ రెండర్ చేసే టైమ్ లేదు. 15 నిమిషాల 10వ సెకండ్ దగ్గర ఏ డిజాల్వూ జరగకుండా ఒక ఫోటో నిలబడి ఉన్న చోటు చూసుకుని, అక్కడి నుంచి చివరి దాకా వర్క్ ఏరియా పెట్టి అంతే రెండర్ చేసి, పాత ఫైల్లో మొదటి భాగంతో ప్రీమియర్‌లో (అడోబ్ వాళ్ళదే, వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) కలిపా. పదకొండున్నర అయింది. ఎవరో పులిహోర తెచ్చిపెట్టారు, తిన్నానో లేదో కూడా గుర్తులేదు. ఆ పెద్దాయన ఇంటికెళ్ళకుండా కూర్చుని ఉన్నారు, వాల్ మీద కాదు గానీ ల్యాప్‌టాప్‌లోనే ఆ ముక్క ఆయనకి చూపించా, వాళ్ళ నాన్నగారి ఫోటో, కింద పేరు, తెలుగు పండిట్, ఏళ్లు. రెండుసార్లు చూశారు.

ఆ తర్వాత నా పద్ధతి మొత్తం మార్చా. ఇప్పుడు ఫోటోనీ పేరునీ మెయిన్ కంప్‌లో విడివిడిగా పెట్టను. 6 సెకండ్ల చిన్న కంప్ ఒకటి, 10 సెకండ్ల చిన్న కంప్ ఒకటి, ఈ రెండూ మూసలు. టెక్స్ట్‌కి డిఫాల్ట్ పొడవు మార్చే సెట్టింగ్ లేదు గానీ కంప్ పొడవే దాని డిఫాల్ట్ కాబట్టి, కంప్‌నే 6 సెకండ్లకి చేస్తే అందులో పుట్టే పేరు, పట్టీ, అంచు అన్నీ 6 సెకండ్లతోనే పుడతాయి. స్టిల్ ఫుటేజ్‌ని తిరిగి లెంగ్త్ ఆఫ్ కంపోజిషన్‌కే పెట్టేసా, ఈ పద్ధతిలో అదే సరైంది. మూసని కాపీ చేసుకుంటూ, ఫోటో లేయర్ని సెలెక్ట్ చేసి కొత్త ఫోటోని ఆల్ట్ పట్టుకుని దాని మీదకి లాగితే ఫోటో మారుతుంది, పొడవూ కదలికా అలాగే ఉంటాయి. పేరు, ఫోటో ఒకే కట్ట కాబట్టి జరిపితే రెండూ కలిసి జరుగుతాయి, ఆ 185 సెకండ్ల తేడా గొడవ ఇక రాదు.

మెయిన్ కంప్‌ని మాత్రం మొదటి రోజే అవసరానికి మించి పెడతా, 15 నిమిషాల పనికి 30 నిమిషాలు. బ్యాక్‌గ్రౌండ్ లాంటివన్నీ 30 నిమిషాలతో పుడతాయి, ప్రీకంప్‌లు కూడా 30. నిజంగా ఎంత కావాలో బి, ఎన్ కీలతో వర్క్ ఏరియా పెట్టి అంతే రెండర్ చేస్తా. 24 ఫోటోలు కాదు వంద వచ్చినా వెనకున్నవి తెగిపోవు. డిజాల్వ్‌లు కూడా కీఫ్రేములతో వేయడం మానేసి ఒపాసిటీకి చిన్న ఎక్స్‌ప్రెషన్ (విలువని లెక్కకట్టే చిన్న కోడ్) రాసుకున్నా, లేయర్ ఇన్‌పాయింట్ (మొదలయ్యే చోటు) నుంచి 1 సెకండ్లో 0 నుంచి 100కి, అవుట్‌పాయింట్‌కి (అయిపోయే చోటు) 1 సెకండ్ ముందు మొదలుపెట్టి 100 నుంచి 0కి, రెండిట్లో ఏది తక్కువైతే అది. లేయర్ని ఎటు సాగదీసినా డిజాల్వ్ దాని చివరే ఉంటుంది.

ప్రీమియర్‌లో చేసే వాళ్ళకి రెండు మాటలు. అక్కడ స్టిల్ ఇమేజ్ డిఫాల్ట్ డ్యూరేషన్ ప్రిఫరెన్సెస్‌లో టైమ్‌లైన్ దగ్గర ఉంటుంది, ముద్ర ఇంపోర్ట్ చేసేటప్పుడే పడుతుంది, అంటే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ కంటే ఇంకా ముందు, కాబట్టి మొదటి ఫోటో ప్రాజెక్ట్‌లోకి రాకముందే అంకె పెట్టుకోవాలి, తర్వాత మారిస్తే మళ్ళీ ఇంపోర్ట్ చేసుకోవాల్సిందే. పక్కనే ఫ్రేములా సెకండ్లా అని ఉంటుంది, సెకండ్లే పెట్టుకోండి, 150 ఫ్రేములంటే 30 మీద 5 సెకండ్లు, మన 25 మీద 6. సన్నాయి మేళం దరువుకి ఫోటో మారాలంటే పాట వింటూ ఎం కొట్టుకుంటూ మార్కర్లు పెట్టి, ఆటోమేట్ టు సీక్వెన్స్‌లో మార్కర్ల దగ్గర వేయమంటే అక్కడక్కడే పడతాయి. పేర్ల పట్టీని ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో మోగర్ట్‌గా (ప్రీమియర్‌లో వాడుకునే మోషన్ గ్రాఫిక్స్ టెంప్లేట్) చేసి పంపుకుంటే మాత్రం రెస్పాన్సివ్ డిజైన్ టైమ్ అని కంపోజిషన్ మెనూలో ఉండే ఇంట్రో, అవుట్రో తప్పకుండా పెట్టండి, లేకపోతే ఎడిటర్ 6 సెకండ్ల పట్టీని 4కి తగ్గించినప్పుడు చివరి యానిమేషన్ తెగిపోయి పట్టీ టక్కున మాయమవుతుంది. వేరే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో చూస్తే, ఫైనల్ కట్‌లో స్టిల్స్ మామూలుగా 4 సెకండ్లతో వస్తాయి, రిజాల్వ్‌లో 5, రెండిట్లోనూ ఎడిటింగ్ సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. యాపిల్ మోషన్‌లో ప్రాజెక్ట్ పొడవు వాడాలా సొంత పొడవు వాడాలా అని అడిగే ఆప్షన్ ఉంది.

ఫంక్షన్ రోజు వీడియో సాయంత్రం ఆరున్నరకి వేశారు. గ్రూప్ ఫోటోలు వచ్చినప్పుడు నేను పక్కన నిలబడి తెర కాకుండా జనాన్నే చూసా. ఒక బ్యాచ్ ఫోటో వచ్చింది, ముందు వరస కుర్చీల్లోంచి ఒకావిడ లేచి చెయ్యి చాపి పక్కామెకి చూపిస్తోంది, రెండో వరస, కుడి నుంచి మూడు, కాదు నాలుగు, ఇద్దరూ దొరికించుకుని నవ్వుకునేసరికి ఫోటో పోవడం మొదలైంది. 10 సెకండ్లు సరిపోయాయి, కానీ మిగల్లేదు. నా మూసలో గ్రూప్ ఫోటోకి ఇప్పుడు 12 పెట్టుకున్నా.